విదేశాల్లో డేటాకి ఈసిమ్, ఓటీపీలకి పాత నంబర్: ఒకే ఫోన్‌లో రెండూ ఎలా సర్దుకోవాలి?

బాటసారి

జర్మనీలో దిగి, స్విట్జర్లాండ్ మీదుగా ఫ్రాన్స్ వెళ్లి, అక్కణ్ణుంచే తిరుగు విమానం. రెండు వారాల పైచిలుకు ప్రయాణం. ఫోన్‌లో ఒక ఫిజికల్ సిమ్ స్లాట్ ఉంది, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే డౌన్‌లోడ్ చేసుకునే సిమ్) కూడా పనిచేస్తుంది. దారి చూసుకోవడానికి మ్యాప్స్, రోజూ ఇంటికో వీడియో కాల్, అప్పుడప్పుడు ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాంకు ఓటీపీలు ఇప్పుడున్న నంబర్‌కే రావాలి.

పాత సిమ్ ఆన్‌లో ఉంచితే తెలియకుండా రోమింగ్ బిల్లు పడుతుందా? ఈసిమ్ బయల్దేరే ముందే వేసుకోవాలా, దిగాకా? అన్‌లిమిటెడ్ అని అమ్మేవాటికి నిజంగా లిమిట్ ఉండదా? అసలు ఎన్ని జీబీ తీసుకుంటే సరిపోతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సిగ్నల్‌శాస్త్రి

బాటసారి గారూ, రెండు సిమ్‌లకీ పని పంచేయండి. పాత సిమ్ ఎస్సెమ్మెస్ అందుకోవడానికి మాత్రమే. డేటా అంతా ఈసిమ్ మీద. గందరగోళమంతా ఈ రెండు పనులూ కలిసిపోయినప్పుడే మొదలవుతుంది.

ముందు ఫోన్ సంగతి. డయలర్‌లో *#06# కొడితే ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐతో పాటు, ఈసిమ్ చిప్ గుర్తింపు సంఖ్య అయిన 32 అంకెల ఈఐడీ కనిపించాలి. ఈఐడీ లేదంటే ఆ ఫోన్‌లో ఈసిమ్ లేనట్టే. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి కిందికి జరిపితే క్యారియర్ లాక్ అని ఉంటుంది. దాని ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటేనే వేరే కంపెనీ సిమ్ పనిచేస్తుంది. వాయిదాల మీద ఆపరేటర్ దగ్గర కొన్న ఫోన్లు చాలావరకు లాక్ అయి ఉంటాయి. ఇది ఈసిమ్ కొనకముందే చూసుకోండి, కొన్నాక డబ్బు వెనక్కి రావడం కష్టం.

ఇక పాత సిమ్. బయల్దేరే ముందు ఆపరేటర్ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీస్ ఆన్ అయిందో లేదో చూడండి. దీన్నీ ఫోన్‌లో ఉండే డేటా రోమింగ్ బటన్‌నీ ఒకటే అనుకోవద్దు. మొదటిది ఆపరేటర్ వైపుది, అది ఆఫ్‌లో ఉంటే ఫోన్ అక్కడి నెట్‌వర్క్‌లో నమోదే కాదు, ఓటీపీ రాదు. రెండోది ఫోన్ వైపుది, డేటా వెళ్లకుండా ఆపేది. మీకు కావాల్సింది మొదటిది ఆన్, రెండోది ఆఫ్. ప్రీపెయిడ్ అయితే ప్లాన్ గడువు తిరిగొచ్చే తేదీ దాటేలా ముందే రీఛార్జ్ చేసేయండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి చాలా ఆపరేటర్లు డబ్బు తీసుకోరు. అయినా మీ ఆపరేటర్ టారిఫ్ పేజీ ఒకసారి చూసుకోవడం మేలు.

డేటా రోమింగ్ ఆఫ్ చేసినా చాలామంది వదిలేసే బటన్ ఇంకొకటుంది. ఐఫోన్‌లో దాన్ని ‘అలౌ సెల్యులర్ డేటా స్విచింగ్’ అంటారు. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి పేరు మారుతుంది, ఆటో డేటా స్విచింగ్ లాంటి మాట ఉంటుంది. ఈసిమ్‌కి సిగ్నల్ తగ్గగానే ఫోన్ తనంతట తానే రెండో లైన్ మీదకి డేటా మార్చేది దీని వల్లే. దీన్నీ ఆఫ్ చేయండి.

బిల్లు పడే ఇంకో దారి, మీరు ఎత్తని కాల్స్. మీ నంబర్‌కి వాయిస్‌మెయిల్ ఫార్వర్డింగ్ ఉందనుకోండి. కాల్ ముందు మీరున్న దేశందాకా వస్తుంది, మీరు ఎత్తరు, మళ్లీ అక్కణ్ణుంచి మీ దేశంలోని వాయిస్‌మెయిల్‌కి వెళుతుంది. రానూ ఒక ఛార్జీ, పోనూ ఒక ఛార్జీ వేసే ఆపరేటర్లున్నారు. బయల్దేరే ముందే ##004# డయల్ చేస్తే ‘ఎత్తకపోతే, బిజీగా ఉంటే, అందకపోతే’ అనే మూడు రకాల ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి.

ఈసిమ్‌ని ఇంటి దగ్గరే, వైఫై మీద ఇన్‌స్టాల్ చేసుకోండి. ప్రొఫైల్, అంటే సిమ్ వివరాలున్న ఫైల్, డౌన్‌లోడ్ కావడానికే ఇంటర్నెట్ కావాలి. దిగాక చేద్దామనుకుంటే, అక్కడి ఎయిర్‌పోర్ట్ వైఫై లాగిన్‌కి ఓటీపీ అడిగితే మొదటికే మోసం. అయితే కొనేముందు షరతుల్లో ఒక్క వాక్యం వెతకండి: గడువు ఇన్‌స్టాల్ చేసినప్పటినుంచి లెక్కా, అక్కడి నెట్‌వర్క్ మొదటిసారి అందుకున్నప్పటినుంచి లెక్కా అని. రెండోదైతే వారం ముందు వేసుకున్నా ఇబ్బంది లేదు. మొదటిదైతే బయల్దేరే రోజు వేసుకోండి.

ఈసిమ్ వేసుకోవడానికి కంపెనీ పంపే క్యూఆర్ కోడ్ చాలావాటికి ఒక్కసారే పనిచేస్తుంది. ఏదో తేడా కొట్టిందని ఈసిమ్‌ని డిలీట్ చేసి మళ్లీ స్కాన్ చేస్తే ‘ఈ కోడ్ వాడేశారు’ అని వస్తుంది. కాబట్టి ఏమైనా సరే డిలీట్ మాత్రం నొక్కొద్దు, లైన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి చాలు. ఇన్‌స్టాల్ అవగానే లైన్ పేర్లు కూడా మార్చేయండి, ఒకదానికి ఇల్లు, రెండోదానికి ప్రయాణం అని. ప్రైమరీ, సెకండరీ అని వదిలేస్తే హడావిడిలో తప్పు లైన్‌కి రోమింగ్ ఆన్ చేసేస్తారు.

వాట్సాప్ పాత నంబర్ మీదే నడుస్తుంది. నంబర్ మార్చుకుంటారా అని అడిగితే వద్దనండి.

కాళ్లకు చక్రాలు

శాస్త్రి గారు చెప్పింది మీ ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది. అయితే నెలకు మించి ఒకే దేశంలో ఉండేవాళ్లు, ఈసిమ్ ఒకటే దారి అనుకోకండి. ట్రావెల్ ఈసిమ్‌లలో ఎక్కువ భాగం డేటా మాత్రమే ఇస్తాయి, నంబర్ ఇవ్వవు. అక్కడి ట్యాక్సీ యాప్‌లు, డెలివరీ, డాక్టర్ అపాయింట్‌మెంట్, చివరికి కొన్నిచోట్ల ఫ్రీ వైఫై కూడా స్థానిక నంబర్ అడుగుతాయి. అలాంటప్పుడు ఆ దేశపు సిమ్ కొనుక్కోవడమే మంచిది. చాలా దేశాల్లో పాస్‌పోర్ట్ చూపించి రిజిస్టర్ చేయించుకోవాలి. ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో టూరిస్టులకని పెట్టిన ప్యాకే అంటగడతారు. ఊళ్లోని షోరూంలో మామూలు ప్లాన్లు దొరుకుతాయి.

టర్కీ వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. బయటి దేశంలో కొన్న ఫోన్‌లో అక్కడి సిమ్ వేస్తే 120 రోజులే నడుస్తుంది. ఫోన్‌ని రిజిస్టర్ చేయించకపోతే తర్వాత ఆ ఫోన్ అక్కడి నెట్‌వర్క్‌ల మీద పనిచేయదు.

ఇక బాటసారి గారి దారిలో ఉన్న గుంట స్విట్జర్లాండ్. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్‌కి అదనపు ఛార్జీ లేదు, ఒక దేశపు సిమ్ మిగతా దేశాల్లో ఇంటి ధరకే నడుస్తుంది. నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్ కూడా ఆ లెక్కలోనివే. స్విట్జర్లాండ్ మాత్రం కాదు. జర్మనీలో కొన్న సిమ్ ఫ్రాన్స్‌లో హాయిగా నడిచి, మధ్యలో స్విస్ సరిహద్దు దాటగానే ఆగిపోవచ్చు, లేదా వేరే రేటు పడొచ్చు. ‘యూరప్’ అని పేరు పెట్టిన ట్రావెల్ ఈసిమ్‌లలోనూ ఇదే తేడా ఉంటుంది. ప్యాక్ పేరు చూసి కొనకండి, దేశాల జాబితా తెరిచి మూడు పేర్లూ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి. బ్రిటన్ కూడా ఇప్పుడు ఆ నిబంధన బయటే ఉంది.

జెనీవా, బాసెల్ లాంటి సరిహద్దు ఊళ్లలో ఫోన్ అవతలి దేశపు టవర్‌ని పట్టుకుంటుంది. మీ ప్యాక్‌లో రెండు దేశాలూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. లేకపోతే నెట్‌వర్క్ సెలక్షన్‌లో ఆటోమేటిక్ తీసేసి మీ ప్యాక్‌లో ఉన్న ఆపరేటర్‌ని చేత్తో ఎంచుకోండి.

టవర్ కింద

అన్‌లిమిటెడ్ గురించి ఎవరూ చెప్పలేదు. చాలావాటిలో రోజుకి ఇంత అని పూర్తి వేగం ఇచ్చి, ఆ తర్వాత గొంతు నొక్కేస్తారు. షరతుల్లో ఫెయిర్ యూసేజ్ అని ఉన్న చోట చదవండి, ఎంత వేగానికి దించుతారో అక్కడ రాసి ఉంటుంది. 128 కేబీపీఎస్ అని ఉంటే దాన్ని ఎనిమిదితో భాగించండి, సెకనుకి 16 కేబీ. అంటే ఒక ఎంబీ ఫొటో తెరుచుకోవడానికి నిమిషం పైనే. మెసేజ్‌లు వెళతాయి, మ్యాప్ ముక్కలు ముక్కలుగా వస్తుంది, వీడియో కాల్ మాట మరిచిపోండి. అదే 1 ఎంబీపీఎస్‌కి దించే ప్లాన్ అయితే వీడియో కాల్ కూడా ఓ మాదిరిగా నడుస్తుంది. అన్‌లిమిటెడ్ అనే మాటకన్నా, ఎంత వేగానికి దించుతారనే అంకెకే విలువ.

ఇంకో మెలిక, ‘రోజు’ అంటే ఏమిటన్నది. కొందరికి మొదట వాడినప్పటినుంచి 24 గంటలు. కొందరికి క్యాలెండర్ రోజు, అదీ కంపెనీ ఉన్న టైమ్ జోన్ ప్రకారం. రెండో రకమైతే అర్ధరాత్రి దాటినా కోటా కొత్తది రాలేదేమిటని తల గోక్కోవాలి.

ఎన్ని జీబీలు అన్నారు కదా. మ్యాప్స్‌కి, మెసేజ్‌లకి పెద్దగా ఖర్చు కాదు. ఇంటర్నెట్ వాయిస్ కాల్ నిమిషానికి అర ఎంబీ అటూ ఇటూ. వీడియో కాల్‌కి దానికి ఎన్నో రెట్లు, అందుకే వాటిని హోటల్ వైఫైకి వదిలేయండి. సినిమాలు, సీరియళ్లు మామూలు క్వాలిటీలో గంటకి 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా తాగుతాయి. అసలు దొంగ ఇదేదీ కాదు, ఫొటోల బ్యాకప్. ఐఫోన్ 4కే వీడియో సెకనుకి 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ అని కెమెరా సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది. పొద్దున ఆరు నిమిషాల వీడియో తీసి ఫోన్ జేబులో పెట్టుకుంటే, సాయంత్రానికి మీకు తెలియకుండానే ఒక జీబీ క్లౌడ్‌లోకి ఎక్కేసి ఉంటుంది. ఫొటోస్ యాప్‌లో మొబైల్ డేటా మీద బ్యాకప్ ఆఫ్, యాప్ స్టోర్‌లో ఆటో అప్‌డేట్ వైఫై మీద మాత్రమే, ఈసిమ్ లైన్‌కి లో డేటా మోడ్ లేదా డేటా సేవర్ ఆన్. ఈ మూడూ చేసి, వీడియోలు వైఫైకి వదిలేస్తే మీ ప్రయాణానికి 10 జీబీ ప్యాక్ చాలు. ల్యాప్‌టాప్ బాగా వాడతానంటే 20 తీసుకోండి.

ఆఫ్‌లైన్ మ్యాప్ గురించి కూడా ఒక మాట. గూగుల్ మ్యాప్స్‌లో ఊరు డౌన్‌లోడ్ చేసుకుంటే కారులో వెళ్లే దారి చూపిస్తుంది గానీ, నడక దారి, బస్సు, రైలు వివరాలు ఆఫ్‌లైన్‌లో రావు. డేటా లేకపోయినా జీపీఎస్ చుక్క మాత్రం మ్యాప్ మీద కదులుతూనే ఉంటుంది, దాన్ని చూసుకుంటూ నడవొచ్చు.

సిగ్నల్‌శాస్త్రి

టవర్ కింద గారు చెప్పినదానికి తోడు, ఈసిమ్ వేగం గురించి కొంచెం. రోమింగ్‌లో మీ డేటా అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. ఈసిమ్ ఏ దేశపు ఆపరేటర్‌దో ముందు ఆ దేశంలోని గేట్‌వేకి వెళ్లి అక్కణ్ణుంచి బయటపడుతుంది. సాధారణంగా జరిగేది ఇదే. మీరు పారిస్‌లో కూర్చున్నా ఈసిమ్ ఆసియాలోని ఆపరేటర్‌దైతే ప్రతి పేజీ ఆసియా చుట్టి వస్తుంది. డౌన్‌లోడ్ వేగం బాగానే కనిపించినా, వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా వినపడడానికి కారణం ఇదే. వెబ్‌సైట్లు వేరే భాషలో తెరుచుకోవడం, బ్యాంకు యాప్ ‘కొత్త దేశం నుంచి లాగిన్’ అని అడ్డుపడడం కూడా దీని వల్లే. కొన్ని కంపెనీలు ఏ దేశం నుంచి బయటపడతామో కొనే పేజీలోనే చెబుతాయి. యూరప్ ప్రయాణానికి యూరప్‌లో బయటపడేది చూసుకోండి.

ఇదే గుణం చైనాలో వరమవుతుంది. డేటా బయటి దేశం నుంచి వెళుతుంది కాబట్టి గూగుల్, వాట్సాప్ రోమింగ్ ఈసిమ్ మీద తెరుచుకుంటాయి. అక్కడి సిమ్ మీద, హోటల్ వైఫై మీద తెరుచుకోవు.

ఓటీపీల విషయంలో ఇంకో దన్ను పెట్టుకోవచ్చు. పాత సిమ్‌కి వైఫై కాలింగ్ (టవర్ బదులు ఇంటర్నెట్ మీద మీ నంబర్ నడిపే సదుపాయం) ఉంటే ఇంటి దగ్గరే ఆన్ చేసి, ఒకసారి పనిచేస్తోందో లేదో చూసుకోండి. చాలా ఫోన్లలో అది హోటల్ వైఫై మీదే కాదు, రెండో సిమ్ డేటా మీద కూడా నడుస్తుంది. పాత లైన్‌కి టవర్ దొరక్కపోయినా నంబర్ బతికే ఉంటుంది. అయితే విదేశం నుంచి వైఫై కాలింగ్ ఒప్పుకోని ఆపరేటర్లు కూడా ఉన్నారు, ముందే కనుక్కోండి. అలాగే వీలున్న ప్రతి ఖాతాకీ ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు, ఫోన్‌లోనే కోడ్లు తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోండి.

పాత సిమ్‌ని ఈసిమ్‌గా మార్చేసి స్లాట్ ఖాళీ చేద్దామనే ఆలోచన వస్తే ప్రయాణం ముందు వద్దు. ఫోన్ పగిలిపోతే ఫిజికల్ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకోవచ్చు. ఈసిమ్‌ని తిరిగి తెచ్చుకోవాలంటే ఆపరేటర్ పంపే ఓటీపీ ఆ నంబర్‌కే రావొచ్చు.

బాటసారి

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే అన్నీ చేసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను. ఈసిమ్‌కి సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, పక్కన 4జీ, 5జీ అనే అక్షరాలేవీ లేవు, ఒక్క పేజీ తెరుచుకోవట్లేదు. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ వైఫై మీద రాస్తున్నా. ఫోన్ ఆండ్రాయిడ్.

టవర్ కింద

గీతలుండి అక్షరాలు లేవంటే టవర్ మిమ్మల్ని ఒప్పుకుంది, డేటా దారి తెరుచుకోలేదు. నూటికి తొంభై పాళ్లు ఈసిమ్ లైన్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండి ఉంటుంది. పాత సిమ్‌కి ఆఫ్ చేయమన్నాం కదా అని దీనికీ ఆఫ్ చేసి ఉంటారు. ట్రావెల్ ఈసిమ్ ఎక్కడికెళ్లినా రోమింగ్‌లో ఉన్నట్టే లెక్క, దానికి ఆన్‌లోనే ఉండాలి. మొబైల్ డేటా ఏ సిమ్‌కి పెట్టారో కూడా చూడండి.

సిగ్నల్‌శాస్త్రి

అది ఆన్‌లోనే ఉంటే తర్వాతి అనుమానం ఏపీఎన్, అంటే డేటా ఏ దారిలో ఇంటర్నెట్‌లోకి వెళ్లాలో ఫోన్‌కి చెప్పే పేరు. సెట్టింగ్స్‌లో ఈసిమ్ లైన్ తెరిచి, యాక్సెస్ పాయింట్ నేమ్స్‌లోకి వెళ్లండి. జాబితా ఖాళీగా ఉంటే కొత్తది చేర్చండి. పేరు ఏదైనా పర్లేదు, ఏపీఎన్ గడిలో మాత్రం ఈసిమ్ కంపెనీ మెయిల్‌లో పంపిన మాటని అక్షరం పొల్లుపోకుండా, ఖాళీలు లేకుండా కొట్టాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాళ్లు ఇవ్వకపోతే ఖాళీగా వదిలేయండి. ఏపీఎన్ టైప్‌లో ‘డిఫాల్ట్’ ఉండాలి. ఏపీఎన్ ప్రోటోకాల్, రోమింగ్ ప్రోటోకాల్ రెండిటికీ ఐపీవీ4/ఐపీవీ6 పెట్టండి. పై మూల మూడు చుక్కలు నొక్కి సేవ్ చేయాలి, వెనక్కి వచ్చేస్తే చాలా ఫోన్లలో సేవ్ కాదు. సేవ్ అయ్యాక జాబితాలో దాని పక్కనున్న గుండ్రటి బటన్ నొక్కి ఎంచుకోవడం మరవకండి.

అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ రకాన్ని 5జీ నుంచి 4జీకి దించండి. కొన్ని ఈసిమ్‌లకి 5జీ రోమింగ్ ఒప్పందం ఉండదు. తర్వాత ఆటోమేటిక్ నెట్‌వర్క్ సెలక్షన్ తీసేసి, జాబితా రావడానికి ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టి, మీ ప్లాన్‌లో రాసిన ఆపరేటర్‌ని ఎంచుకోండి. ఒక నెట్‌వర్క్ ఒకసారి కాదంటే సిమ్ దాన్ని నిషేధిత జాబితాలో రాసుకుంటుంది, తర్వాత ఆటోమేటిక్‌గా దాని జోలికి పోదు. చేత్తో ఎంచుకుంటే మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్రతి మార్పు తర్వాతా ఫ్లైట్ మోడ్ అర నిమిషం వేసి తీయండి.

అక్షరాలు కనిపించి కూడా పేజీలు తెరుచుకోకపోతే అప్పుడు కథ వేరు. వీపీఎన్, ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆఫ్ చేసి చూడండి, కోటా అయిపోయిందేమో చూడండి. ఐఫోన్ వాళ్లు జనరల్‌లో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ తెరిచి, పాత ఆపరేటర్ ఇచ్చిన ఏపీఎన్ ప్రొఫైల్ మిగిలుంటే తీసేయాలి. అది ఉన్నంతకాలం కొత్త లైన్ డేటా నడవనివ్వదు.

బాటసారి

ఏపీఎన్ జాబితా ఖాళీగానే ఉంది! చేర్చగానే 4జీ వచ్చింది. ఓటీపీ కూడా పాత నంబర్‌కి వచ్చింది. కానీ ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇస్తే కనెక్ట్ అవుతోంది, ఇంటర్నెట్ మాత్రం లేదంటోంది.

కాళ్లకు చక్రాలు

ముందు మీ ప్లాన్ హాట్‌స్పాట్ ఒప్పుకుంటుందో లేదో చూడండి, అన్‌లిమిటెడ్ రకాల్లో కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకుంటే, ఇందాక చేర్చిన ఏపీఎన్‌నే మళ్లీ తెరిచి, ఏపీఎన్ టైప్‌లో డిఫాల్ట్ పక్కన కామా పెట్టి, ఖాళీ వదలకుండా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘డీ యూ ఎన్’ అని చేర్చండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు హాట్‌స్పాట్ డేటాని ఆ పేరున్న దారిలోనే పంపుతాయి.

కనెక్ట్ అవగానే విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడమని చెప్పే సెట్టింగ్) ఆన్ చేయండి, మ్యాక్ అయితే లో డేటా మోడ్. ల్యాప్‌టాప్‌కి అది మామూలు వైఫైలాగే కనిపిస్తుంది కాబట్టి అప్‌డేట్లు, క్లౌడ్ సింక్ అన్నీ ఒకేసారి మొదలుపెడుతుంది.